ముద్దుకృష్ణ పోర్చుగీసు అంకెలు

తంబళ్లపల్లె వైపు బోర్లు వేయించుకునే రైతుల్లో ఒక మాట పాకిపోయింది. పుంగనూరు శివకుమార్ బోరుబండి మీద ముద్దుకృష్ణ అని ఒక ఆపరేటరున్నాడట, ఆయనకు ఆఫ్రికా మంత్రం వచ్చట, రాడ్డు దిగినప్పుడల్లా దాన్ని గొణుగుతాడట, గొణిగితే నీళ్ళు పడతాయట. ఈ మాట పుట్టించిన మహానుభావుడెవరో తెలీదు. ఆ మంత్రంతో ఎన్ని బోర్లు పడ్డాయి, ఎన్ని ఎండాయి అని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళు దేన్నయినా నమ్ముతారు. అరచేతిలో టెంకాయ నిలబడితే నమ్ముతారు, వేపపుల్ల వంగితే నమ్ముతారు. మంత్రాన్ని నమ్మరా?

జయమ్మ అనే రైతు ఒకామె ఊరుకోకుండా అడిగేసింది. ఆమె టమోటా మడిలో అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వేయిస్తూ, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, కంప్రెసరు రొదలో బండి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమప్పా, ఆ మంత్రమేందో రవ్వంత గట్టిగా సదువు. లోపల భూమాతకు ఇనపడద్దా?"

ముద్దుకృష్ణ చెవుల్లోని దూది తీసి, ఆమెతో మళ్ళీ ఆ మాట చెప్పించుకుని నవ్వాడు.

"మంత్రం గాదు మా. రాడ్ల లెక్క."

"లెక్కయితే తెలుగులో పెట్టొచ్చు గదా?"

"తెలుగులో పెడితే ఎన్ని దిగినాయో నీకు తెలిసిపోతాది. తెలిస్తే నీ గుండె ఆగిపోతాది."

జయమ్మ బోరు పక్కన పోగుపడిన తెల్లటి రాతిపిండిని చూసింది. పొడిపొడిగా ఉంది, చెమ్మ జాడ లేదు.

"అయితే మంత్రమే అనుకుంటాలేప్పా. నువ్వు సదువుకో," అని వెళ్ళి గట్టు మీద కూర్చుంది.

ముద్దుకృష్ణ చెప్పింది సగమే నిజం. అతను పోర్చుగీసులో లెక్కపెట్టడం జయమ్మ గుండె కోసం కాదు, తన కోసం. ఆ అంకెల్ని పలుకుతున్నంతసేపూ పక్కన ఒక మనిషి ఉన్నట్టుంటుంది అతనికి.

ముద్దుకృష్ణది కుప్పం దగ్గర శాంతిపురం. యాభై రెండేళ్ళు. సన్నటి మనిషి, కనుబొమల్లో ఎప్పుడూ రాతిపిండి ఉంటుంది, తలంటుకున్నా వదలదు. ముప్పయ్యేళ్ళు కంప్రెసరు పక్కన నిలబడ్డందుకు చెవులు కాస్త మందగించాయి. భార్య రోజా మూడు రోజుల జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. కర్మాంతరాలదాకా ఇల్లంతా జనమే. ఓదార్చడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్నీ వాడేశారు. పదమూడో రోజున ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశారు. పద్నాలుగో రోజు పొద్దున ముద్దుకృష్ణ ఒక్కడికే కాఫీ పెట్టుకోబోయి, పాలు ఎన్ని పొయ్యాలో తెలియక గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ ఏడే బెంగుళూరులో ఒక కంపెనీవాళ్ళు మొజాంబిక్ దేశంలో చేతిపంపుల బోర్లు వెయ్యడానికి ఆపరేటర్ల కోసం వెతుకుతున్నారని తెలిసింది. ఆ దేశం ఎటువైపుందో కూడా ముద్దుకృష్ణ అడగలేదు. పలకరించే దిక్కు లేనప్పుడు ఏ దేశమైతే ఏముంది? ఇంటికి తాళం వేసి కుప్పంలో రైలెక్కాడు.

అక్కడ నంపులా అనే జిల్లాలో ఇతనికి జోడీగా దొరికినవాడు అమాదీ. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. నవ్వితే మనిషంతా ఊగిపోయేవాడు. ముద్దుకృష్ణ మీటల దగ్గర నిలబడితే, అమాదీ రాడ్డు అందించి మరబిగించేవాడు. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. కానీ బోరుపనిలో ఇద్దరూ ఒకే లెక్కలో ఉండాలి. ఎన్ని రాడ్లు లోపలికి దిగాయో అన్నీ పైకి రావాలి గదా! అందుకని మొదటి రోజే అమాదీ ఒక్కో రాడ్డుకూ ఒక్కో వేలు చూపిస్తూ అంకె చెప్పడం మొదలుపెట్టాడు.

అక్కడ జరిగింది ఒక తమాషా. మొదటి రాడ్డు దిగగానే ముద్దుకృష్ణ అలవాటుగా "లాభం" అన్నాడు. వాళ్ళవ్వ చెనక్కాయలు కొలిచేటప్పుడు మొదటి శేరును ఏనాడూ ఒకటి అనలేదు. లాభం, రెండు, మూడు, అంతే. మనవైపు కొలతకు కూర్చున్నవాళ్ళెవరైనా అంతే. పాపం అమాదీకి ఇదంతా ఏం తెలుసు? లాభం అంటే 'ఇక మొదలుపెట్టు' అని కాబోలనుకున్నాడు. రెండో రాడ్డు దిగాక తన మొదటి అంకె చెప్పాడు, 'ఉం' అని. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. రాడ్లు పైకి తీస్తే అమాదీ లెక్కకంటే ఒకటి ఎక్కువ వచ్చింది. అతను బోరులోకి తొంగి చూశాడు, రాడ్లను మళ్ళీ లెక్కపెట్టాడు, భూమి లోపల రాడ్డు పిల్లను పెట్టిందా ఏమిటన్నట్టు ముద్దుకృష్ణ మొహంలోకి చూశాడు. అరగంట చేతులు తిప్పుకుంటూ కొట్లాడుకున్నాక సంగతి తేలింది. అమాదీ నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. రోజా పోయాక ముద్దుకృష్ణ నవ్వడం అదే మొదటిసారి.

మర్నాటినుంచి అమాదీ కూడా "లాభం, దొయిష్, త్రేష్" అనే లెక్కపెట్టాడు. బోరు చుట్టూ మూగిన ఆ ఊరి పిల్లలూ అలాగే అరిచేవాళ్ళు. క్వాత్రు, సింకు, సైష్ అంటూ రాడ్డు రాడ్డుకూ గొంతు పెంచుకుంటూ పోయేవాళ్ళు. అక్కడి రాడ్డు పది అడుగులదే. పదిహేను, మహా అయితే పద్దెనిమిది రాడ్లకు నీళ్ళు ఎగజిమ్మేవి. పిల్లలు ఆ బురదలోనే చిందులు తొక్కేవాళ్ళు. నాలుగేళ్ళూ ఇదే వరస. అందుకే ముద్దుకృష్ణకు అంకెలు వీన్త్ దాకానే వచ్చాయి. వీన్త్ అంటే ఇరవై. ఇరవై దాటి లెక్కపెట్టాల్సిన అవసరం ఆ దేశంలో ఎన్నడూ పడలేదు. అంకెలు కాకుండా అతనికి వచ్చిన మాటలు నాలుగో అయిదో. నీళ్ళు, సరే, రేపు, నమస్కారం, ఇట్లాంటివి. అక్కడ వాళ్ళిద్దరి మధ్యా అంతకంటే మాటల అవసరమూ పడలేదు.

రెండు వేల పదిహేడులో ఆ కంపెనీ మూతపడింది. ముద్దుకృష్ణ ఇల్లు చేరి, శివకుమార్ బండి మీద పనికి కుదిరి, పుంగనూరులో ఒక గది తీసుకున్నాడు. ఇక్కడి రాడ్డు ఇరవై అడుగులది, అయినా ఒక్కో పాయింటులో యాభై రాడ్లు దిగినా పిండే తప్ప చుక్క రాదు. మొదటి బోరుకే ఇరవయ్యో రాడ్డు దగ్గర అతని నోరు ఆగిపోయింది. ఆపైన ఏమనాలో తెలీదు. ఇరవై ఒకటి నుంచి తెలుగులో లెక్కపెట్టుకున్నాడు. ఏడేళ్ళు అట్లాగే గడిచాయి. రోజూ ఇరవై రాడ్లదాకా అమాదీ తోడుండేవాడు, ఆ తర్వాత ఒంటరి నడక.

పుంగనూరులో అతనికి శత్రువులెవరూ లేరు. ఉంటే ఒక రకంగా బాగుండేది, తిట్టడానికైనా ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు. ఇంటామె నెలకోసారి పలకరిస్తుంది. హోటలాయన "ఏమప్పా, అదేనా?" అంటే "అదే" అంటాడు, దోసె వస్తుంది. కొన్నిరోజులు ఆ రెండు ముక్కలే మొత్తం సంభాషణ.

పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున ఫోనులో ఎక్కడిదో పొడుగాటి నంబరు నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. మోసగాళ్ళేమోనని భయపడుతూనే నొక్కాడు. "క్రిష్ణా! లాభం, దొయిష్, త్రేష్!" అని ఒక కేక, దాని వెనకాలే నవ్వు. ముద్దుకృష్ణ మంచం మీద కూలబడ్డాడు. వచ్చేటప్పుడు తను నంబరు రాసిచ్చిన కాగితాన్ని ఇన్నేళ్ళూ దాచుకున్నాడు ఆ మహానుభావుడు, కొత్త ఫోను కొనుక్కోగానే మొదట దానికే పనిచెప్పాడు. ముద్దుకృష్ణ ఆ నవ్వును ఎన్నిసార్లు విన్నాడో లెక్కే లేదు.

బదులు ఏం చెప్పాలి? వచ్చిన మాటలు అంకెలే గదా. లాభం నుంచి వీన్త్ దాకా ఒక్క గుక్కలో చదివి పంపించాడు. చివర్లో "వీన్త్... వీన్త్..." అని సాగదీసి ఆగిపోయాడు. అమాదీకి అర్థమైంది. గంటలో ముప్పై దాకా వచ్చేశాయి.

అట్లా మొదలైంది పాఠం. ప్రతి ఆదివారం, ఇక్కడ తొమ్మిదిన్నరకు. అమాదీకి అప్పుడు పొద్దున ఆరు. ముద్దుకృష్ణ ఆరోజు పనికి పోననేవాడు. తలకు నీళ్ళు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఫోను దిండు మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరైనా చూస్తే పెళ్ళిచూపులకు కూర్చున్నాడనుకుంటారు. అమాదీ చండశాసనుడు. ఒక్క అంకె వంకరపోయినా "నౌ, నౌ, క్రిష్ణా", కాదు కాదు అని మొదటికి తెచ్చేవాడు. నలభై చేరడానికి నెలన్నర పట్టింది. మధ్యమధ్యలో కోళ్ళ అరుపులు, పిల్లల గోల వినిపించేవి. అన్ని అంకెలు ఎందుకురా అన్నట్టు ఒకసారి అమాదీ ఏదో అడిగాడు. ఇక్కడ భూమి లోపల నీళ్ళు లేవని చెప్పడానికి ముద్దుకృష్ణకు మాటలు లేవు. ఉన్నా చెప్పేవాడు కాడేమో. నవ్వి ఊరుకున్నాడు.

యాభై దాటాక పాఠం చిన్నదయింది. ఒక వారం అయిదు అంకెలు, పై వారం మూడు. ఒక్కో అంకెకూ మధ్య ఊపిరి తీసుకుంటున్న చప్పుడు స్పష్టంగా వినిపించేది. ముద్దుకృష్ణ ఫోనును చెవికి అదిమి పెట్టుకునేవాడు. వీడికేమయింది? జలుబా? దుమ్ము పట్టిందా? అడగాలంటే ఎట్లా అడగాలి? ఒక ఆదివారం ఒకే ఒక్క అంకె వచ్చింది, యాభై తొమ్మిది. ఆ తర్వాత దగ్గు.

సోమవారం పని దగ్గర శివకుమార్‌తో చెప్పుకున్నాడు.

"ఇంతేనా మామా? ఫోన్లో యాప్ ఉండాది. నువ్వు తెలుగులో మాట్లాడితే అది వాళ్ళ భాషలో సెప్తాది. నేను ఏసిస్తా, ఇట్ల తే."

"అది మాట్లాడితే ఎవురి గొంతొస్తాది?"

"ఎవురో ఆడమనిషి గొంతు. ఎవురిదైతే ఏం?"

"సరేలే, ఆదివారం ఏసుకుందాం," అన్నాడు ముద్దుకృష్ణ. ఎవరో ఆడమనిషి తమ ఇద్దరి మధ్యా దూరడం అతనికి నచ్చలేదు. వచ్చే ఆదివారం అమాదీ తనే తేరుకుంటాడు, అరవై చెప్తాడు అనుకున్నాడు. ఇప్పుడు తల్చుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. "ఒంట్లో ఎట్లుంది నాయనా" అని అడగడానికి ఎవరి గొంతయితేనేం? బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఆ ఆదివారం మెసేజి రాలేదు. పై ఆదివారమూ రాలేదు. ముద్దుకృష్ణ యాభై తొమ్మిది చదివి పంపి, "యాభై తొమ్మిది... యాభై తొమ్మిది..." అని వాళ్ళ భాషలోనే సాగదీశాడు. పంపినట్టు గుర్తు పడింది, విన్నట్టు పడలేదు. ఇప్పుడతనికి అరవై అక్కర్లేదు. ఆ గొంతు కావాలి. తిట్టినా సరే, దగ్గినా సరే. బండి మీదున్నా గంటకోసారి జేబులోని ఫోను తీసి చూసుకుంటున్నాడు. రాడ్ల లెక్క తప్పుతున్నాడు. ముద్దుకృష్ణ లెక్క తప్పడమేమిటని శివకుమార్ కూడా ఆశ్చర్యపోయాడు.

బుధవారం నాడు రాయి కొట్టే హ్యామరు అరిగిందని బాగుచేయించడానికి మదనపల్లెకు వచ్చారు. శివకుమార్ షెడ్డులో ఉండిపోయాడు, ముద్దుకృష్ణ టీ తాగుదామని టమోటా మార్కెట్టు వైపు నడిచాడు. పొద్దున పదకొండు. మండీల్లో వేలంపాటలు ఊపుమీదున్నాయి. ఎటు చూసినా ఎర్రటి క్రేట్ల వరసలు, వాటి మీద వంగి పాటగాళ్ళు అంకెలు కేకలేస్తున్నారు. ఒక మండీలో తెలుగు, పక్కదాంట్లో కన్నడం, అటువైపు అరవం. ఆ గోలలో జేబులో ఫోను అదిరింది.

అదే పొడుగాటి నంబరు. ముద్దుకృష్ణ ప్రాణం లేచొచ్చింది. "దొంగనాయాలు, ఇన్నాళ్ళా!" అని పైకే అన్నాడు. పక్కనున్న హమాలీ తననేమోననుకుని తిరిగి చూశాడు. ముద్దుకృష్ణ టీ గ్లాసు అక్కడే వదిలేసి, లారీల వెనక్కి, ఖాళీ క్రేట్లు పేర్చిన సందులోకి వెళ్ళి, ఒక చెవి మూసుకుని నొక్కాడు.

ఆడమనిషి గొంతు. యాప్ కాదు, నిజం మనిషి. "క్రిష్ణ" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. ముద్దుకృష్ణకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో "అమాదీ" అని వినపడింది. కాసేపటికి ఒక అంకె. క్వరెంత ఇ త్రేష్. నలభై మూడు. అమ్మయ్య, పాఠమే, భార్య చేత చెప్పిస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. అయినా నలభై మూడు ఎప్పుడో అయిపోయింది గదా? తర్వాత ఇంకో అంకె, పదిహేడు. ఇంకాసేపటికి నాలుగు. ఆ నాలుగు దగ్గర ఆమె గొంతు తెగిపోయింది. మెసేజి అక్కడితో అయిపోయింది.

మళ్ళీ విన్నాడు. నలభై మూడు, పదిహేడు, నాలుగు. పాఠం కాదు. పాఠమైతే అంకెలు వరసలో వస్తాయి.

నంపులాలో చివరిరోజున ఇద్దరూ వయసులు చెప్పుకున్నారు. అమాదీ పది వేళ్ళూ మూడుసార్లు తెరిచి, తర్వాత ఒక చేయి చూపించాడు. ముప్పై అయిదు. అది పదిహేడో సంవత్సరం. మీద ఎనిమిదేళ్ళు వేస్తే నలభై మూడు. ఈరోజు ఇరవయ్యో తారీకు. మూడు రోజుల కిందట పదిహేడు. ఇక నాలుగు. నలుగురు పిల్లలు అమాదీకి. ఫోనులో వాళ్ళ గోల ప్రతి ఆదివారం తను విన్నదే.

మనిషి బతికున్నప్పుడు అతని వయసు, తారీకు, పిల్లల లెక్క ఒకే ఊపిరిలో ఎవరూ చెప్పరు. ఆమె ఇంకా ఎన్నో చెప్పింది, ఏ జబ్బో, ఏ ఆసుపత్రో, తనను తల్చుకున్నాడో లేదో. అవేవీ ముద్దుకృష్ణకు అందలేదు. అతనికి అందినవి అమాదీ నేర్పిన అంకెలు మాత్రమే.

క్రేట్ల సందులో చతికిలబడి ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇందాకటి హమాలీ వచ్చి "ఏమప్పా, యాల ఏడుస్తాండావు? ఎవురన్నా పొయినారా?" అని అడిగాడు. ముద్దుకృష్ణ తలూపాడు. "పొయినాయన నీకేం కావాల?" అన్నాడతను. చుట్టం కాదు, ఊరివాడు కాదు, కులం కాదు, భాష కాదు. హమాలీ భుజం మీద చెయ్యి వేసి, లారీ కదులుతోందని వెళ్ళిపోయాడు.

ఆమెకు ఏదో ఒకటి చెప్పాలి. వినీ విననట్టు ఊరుకుంటే మనిషెట్లా అవుతాడు? షెడ్డుకు పోయి శివకుమార్ యాప్‌తో చెప్పించవచ్చు. చాలా దుఃఖంగా ఉంది, ధైర్యంగా ఉండండి అని అది శుభ్రంగా చెప్తుంది. అవే మాటలు రోజా పోయినప్పుడు తనతో వందమంది అన్నారు. ఆమెతో ఈపాటికి అక్కడ వందమంది అనుంటారు.

ముద్దుకృష్ణ మొహం తుడుచుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మైకు గుర్తు మీద వేలు నొక్కిపట్టాడు. లాభంతోనే మొదలుపెట్టాడు. తొందరపడలేదు. అమాదీ నేర్పినట్టే, ఒక్కో అంకె తర్వాత ఒక్కో రాడ్డు దిగేంత వ్యవధి ఇస్తూ చదివాడు. పది దాటాడు, ఇరవై దాటాడు. అవతల పాటగాళ్ళు కేకలేస్తూనే ఉన్నారు. ముప్పై అయిదు దాటి ముందుకు పోయాడు. నలభై. నలభై ఒకటి. నలభై రెండు. నలభై మూడు.

నలభై నాలుగు అతనికి వచ్చు. యాభై తొమ్మిది దాకా తడుముకోకుండా వచ్చు. వేలు తీసేశాడు.